ఊరును, వాడయు, రాజ్యాంగమును

ఒక దేశము తనకు తానుగా క్రొత్త రాజ్యాంగమును వ్రాసికొనునపుడు దానిని మెచ్చినవారి మాటలకంటె దానితో వాదించినవారి మాటలు తరువాతి తరములవారికి ఎక్కువగా పనికివచ్చును. భారత రాజ్యాంగము 1949 నవంబరు 26వ తేదీన ఆమోదింపబడి, 1950 జనవరి 26వ తేదీనుండి సంపూర్ణముగా అమలునకు వచ్చినది. దానిని గుఱించి రాజ్యాంగ పరిషత్తులో జరిగిన చర్చలన్నియు సంపుటములుగా అచ్చుపడియున్నవి. వానిలో ఒక చర్చ మన యాంధ్రులకు మిక్కిలి దగ్గఱది. రాజ్యమునకు పునాది గ్రామమా, వ్యక్తియా యనునదే ఆ చర్చ. గ్రామపక్షమున గట్టిగా మాటలాడినవారిలో ఇద్దఱు మనవారు. ఒకరు ఒంగోలు ప్రాంతమువారైన టంగుటూరి ప్రకాశము పంతులుగారు. రెండవవారు నిడుబ్రోలువారైన ఆచార్య రంగాగారు. వారికి ఎదుట నిలిచినవారు డాక్టరు అంబేద్కరుగారు. వినుకొండకు చేరువనున్న శావల్యాపురమున కూర్చుండి ఆ వాదములను చదివిన మాకు, ఢిల్లీలో 1948లో మొదలైన యా తగవు మన రచ్చబండమీద ఇంకను తీఱలేదని తోచినది. కావున ఉభయపక్షముల వాదములను తూచి చూచుటకు పూనుకొంటిమి.

మొదట వాదమెట్లు పుట్టినదో చెప్పవలయును. 1948 నవంబరు 4వ తేదీన అంబేద్కరుగారు రాజ్యాంగపు ముసాయిదాను పరిషత్తు ముందుంచిరి. ఇది పరదేశముల రాజ్యాంగములనుండి ఎత్తి తెచ్చినదనియు, ఇందు మన పల్లెకు చోటు లేదనియు అప్పటికే కొందఱు ఆక్షేపించియుండిరి. దానికి ఆయన ఇచ్చిన సమాధానము చాల కఠినమైనది. గ్రామసమాజములపై మన విద్యావంతులకు గల మక్కువ మితిలేనిదనిరి. రాజవంశములు కూలినను గ్రామములు నిలిచియుండుట నిజమే కావచ్చును గాని, నిలిచియుండుట వేఱు, ఏ తీరున నిలిచినవన్నది వేఱనిరి. గ్రామము అజ్ఞానమునకును, సంకుచితత్వమునకును, కులభేదమునకును ఇల్లని చెప్పి, ముసాయిదా గ్రామమును విడిచి వ్యక్తిని ప్రమాణముగా గైకొన్నందుకు తాము సంతసించుచున్నామనిరి.

ఈ మాట సభలో అనేకులను నొప్పించినది. నవంబరు 9వ తేదీన రంగాగారు లేచి, దక్షిణదేశపు గ్రామపంచాయతులు వేయేండ్లుగా సాధించినదానిని ఎఱిగియున్నచో అంబేద్కరుగారు ఇట్లు పలికియుండరని బాధతో చెప్పిరి. అధికారమంతయు ఒక్కచోట కుప్పపడినచో అది నిరంకుశత్వమునకే దారితీయునని హెచ్చరించిరి. ప్రకాశము పంతులుగారు అడిగినది ఇంకను సూటియైనది. పాతకాలపు పంచాయతులను ఉన్నవున్నట్లు లేపి నిలుపుమని వారు కోరలేదు. క్రొత్త కాలమునకు తగిన పంచాయతి కావలెననియు, సొమ్మును రాబట్టుటకును, దానిని వెచ్చించుటకును నిజమైన యధికారము పల్లెవాని చేతికి రావలెననియు కోరిరి. 1946–47లో మదరాసు రాష్ట్రమునకు ప్రధానిగా నుండి ఫిర్కాభివృద్ధి పథకమును నడిపిన వారికి ఈ కోరిక ఉపన్యాసమునకై పుట్టినది కాదు.

నవంబరు 22వ తేదీన కె. సంతానముగారు గ్రామపంచాయతులను గుఱించి ఒక సవరణను ప్రతిపాదింపగా అంబేద్కరుగారు దాని నంగీకరించిరి. అదియే నేటి 40వ అధికరణము. ప్రభుత్వము గ్రామపంచాయతులను ఏర్పాటుచేసి, అవి స్వపరిపాలన చేసికొనుటకు కావలసిన యధికారములను వానికి ఈయవలెనని దాని భావము. కాని అది ఆదేశసూత్రముల భాగమున చేర్చబడినది. ఆ భాగములోని దేనిని గుఱించియు న్యాయస్థానమునకు పోయి నెఱవేర్పించుకొనుటకు వీలులేదని 37వ అధికరణము చెప్పుచున్నది. గ్రామపక్షమువారికి మాట దక్కినది గాని, దానిని చెల్లించుకొను హక్కు దక్కలేదు.

ఇంతవఱకు కథ. ఇక విమర్శ. గ్రామపక్షమువారి వాదమునందు బలమెక్కడ, కొఱత యెక్కడ?

బలము ప్రకాశము పంతులుగారి కోరికలోనే యున్నది. పల్లెలో చెఱువుకట్ట తెగినచో, బడికి కప్పు లేనిచో, వీధిలో నీరు నిలిచినచో దానిని బాగుచేసికొను సొమ్ము ఊరిచేతిలో లేనంతకాలము ఆ యూరివారు పౌరులు గారు, అర్జీదారులు మాత్రమే. ఓటు ఐదేండ్లకొకసారి వచ్చును. అర్జీతో పని దినదినము పడును. వ్యక్తిని ప్రమాణముగా గొన్న రాజ్యాంగము ఆ వ్యక్తిని ఆఫీసు గుమ్మమున నిలువబెట్టినచో అతనికి గౌరవము దక్కినదనుట యెట్లు? ఈ ప్రశ్నకు అంబేద్కరుగారి నవంబరు 4వ తేదీ ఉపన్యాసములో సమాధానము లేదు.

కొఱత రంగాగారి చరిత్రలో నున్నది. దక్షిణదేశపు గ్రామస్వపరిపాలనమునకు సాధారణముగా చూపబడు సాక్ష్యము ఉత్తరమేరూరు శాసనము. అది చోళరాజైన మొదటి పరాంతకుని కాలమున, సుమారు 920వ సంవత్సరమున చెక్కబడినది. ఆకులపై పేర్లు వ్రాసి, కుండలో వేసి, సభ్యులను ఎన్నుకొను పద్ధతి అందున్నది. లెక్క లొప్పజెప్పని వారును, వారి బంధువులును సభ్యులు కారాదన్న కట్టుబాటు నేటివారికి గూడ సిగ్గు కలిగింపదగినది. కాని అదే శాసనము సభ్యుడగువానికి పన్ను చెల్లించు సొంతభూమియు, సొంతస్థలమున ఇల్లును, వేదవిద్యయు నుండవలెనని చెప్పుచున్నది. కూలివాడును, స్త్రీయు, అంటరానివాడని వెలివేయబడినవాడును ఆ కుండలో పేరైనను వేయబడనివారు. వేయేండ్ల ప్రజాస్వామ్యమని మనము గర్వించునది భూమిగలవారి ప్రజాస్వామ్యము. ఇది చెప్పక విడిచినచో చరిత్రలో సగము విడిచినట్లే.

ఇంకొక విషయము కలదు. గ్రామమును పునాదిగా చేయుమన్నవారిలో పలువురు కోరినది ఒక ప్రత్యేకమైన కట్టడము. వయోజనులు తమ గ్రామపంచాయతిని ఎన్నుకొందురు. గ్రామపంచాయతులు పై పంచాయతులను, అవి వానిపైవానిని ఎన్నుకొనును. ఇట్లు మెట్టుమెట్టుగా దేశసభ యేర్పడును. 1946లో శ్రీమన్నారాయణ అగర్వాలుగారు గాంధీజీ భావములననుసరించి ప్రకటించిన రాజ్యాంగ ప్రణాళికలో ఇట్టి యేర్పాటే యున్నది. వినుటకు ఇది సొంపుగా నుండును. కాని ఊరిలో నూఱిండ్లకు ఇరువది యిండ్లు గల వాడను తలచుకొనుడు. ఆ ఇరువది యిండ్ల మాట మొదటి మెట్టుననే ఓడిపోవును. ప్రతి యూరను అట్లే యగుటచే వారు దేశమంతట లక్షలుగా నున్నను పైమెట్టున వారి గొంతు వినబడదు. ప్రతి వయోజనుడును నేరుగా శాసనసభకు ఓటిచ్చు నేటి పద్ధతిలోనైతే ఆ ఇరువది యిండ్లవారి ఓటు ఊరి పెద్దల చేతిగుండ పోవలసిన పనిలేదు. అంబేద్కరుగారు వ్యక్తిని పట్టుకొని వదలకుండుటకు తగిన కారణమున్నది.

పైగా ఆ పరిషత్తు నెన్నుకొన్న రాష్ట్ర శాసనసభలు 1935 చట్టము ననుసరించి ఏర్పడినవి. ఆస్తియో, పన్నో, చదువో ఉన్నవారికే అప్పుడు ఓటు. అనగా పల్లె పేర వాదించిన మహనీయులను పల్లెలోని సగముమందియైనను ఎన్నుకొనలేదు. నైజాము రాజ్యమునుండి పరిషత్తునకు ప్రతినిధులే రాలేదు గావున తెలంగాణపు పల్లెల మాట అక్కడ అసలు వినబడలేదు. ఇది వక్తల తప్పు కాదు, కాలము తప్పు. అయినను ఊరి పేర వినవచ్చిన గొంతు ఊరిలో ఎవరిదని అడుగుట విమర్శకుని విధి.

ఈ ప్రశ్నకు మన భాషయే సమాధానమిచ్చుచున్నది. తెలుగువాడు పల్లెనంతటిని చెప్పదలచినపుడు 'ఊరు' అని ఊరకొనడు. 'ఊరూ వాడా' అనును. ఆ జంటపదములో నొక గోడ యున్నది. ఊరు వేఱు, వాడ వేఱు. బావి వేఱు, శ్మశానము వేఱు. ప్రకాశము పంతులుగారును రంగాగారును ఊరినుండి చూచి ఊరిని వర్ణించిరి. అంబేద్కరుగారు వాడనుండి చూచి ఊరిని వర్ణించిరి. ఇరువురు చూచినదియు నిజమే. రంగాగారు తమ బావిని హరిజనులకు తెఱచినవారు. వారికి వాడ తెలియదనుట అన్యాయము. కాని తెఱచువాని బావి యొకటి, నీరు హక్కుగా గలవాని బావి యొకటి. ఆ భేదము వారి యుపన్యాసములో కానరాదు.

ఆ భేదమును అంతకు పాతికేండ్లకు మునుపే తెలుగు సాహిత్యము చూపియున్నది. పల్నాటి పుల్లరి యుద్యమకాలమున చెఱకేగిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు రాయవేలూరు చెఱసాలలో 'మాలపల్లి' నవలను వ్రాసిరి. మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. అందు సంగదాసు ప్రాణము తీసినది పరదేశప్రభుత్వము కాదు, ఊరి భూస్వామి. దొరతనముతో పోరాడి చెఱలో నున్న రచయిత, దొరతనము పోయినంతమాత్రమున ఊరు వాడ యొకటి కావని కనిపెట్టుట సామాన్యము కాదు. 1948లో రాజ్యాంగ పరిషత్తునకు కావలసిన సాక్ష్యము 1922లోనే ఒక గుంటూరు మండలవాసి వ్రాసిపెట్టెను.

మా పల్నాటి చరిత్రనే చూతము. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి సర్వకులములవారిని ఒక పంక్తిని కూర్చుండబెట్టెనని మా యూళ్లలో వీరగాథ పాడుకొందురు. 1921లో అడవిలో పసువులు మేపుకొనుటకు పుల్లరి చెల్లింపుమని ప్రభుత్వము నిర్బంధింపగా పల్నాటి గ్రామములు ఒక్కత్రాటిపై నిలిచినవి. ఆ పోరున 1922లో కన్నెగంటి హనుమంతు కాల్పులకు బలియయ్యెను. ఆనాడు గ్రామస్థులు పట్టిన ఆయుధము బహిష్కారము. అడవి యుద్యోగులకు సహాయము చేయరాదని ఊళ్లు కట్టుబడెను. బలవంతుడైన సర్కారును బలహీనులు ఎదిరించిన పోరు గావున దానిని మనము వీరత్వమని పొగడుదుము. పొగడదగినదే.

అదే యాయుధము తరువాత ఎవరిమీదికి తిరిగినది? ప్రకాశము పంతులుగారి పేరనే వెలసిన జిల్లాలో నాడు చేరియుండిన కారంచేడున 1985 జులై 17వ తేదీన, త్రాగునీటి చెఱువుకడ మొదలైన తగవుతో ఆఱుగురు మాదిగలు చంపబడిరి. నాటి గుంటూరు జిల్లాలోని చుండూరున ఊరు వాడను బహిష్కరించి, పనులు మాన్పించి, తుదకు 1991 ఆగష్టు 6వ తేదీన ఎనిమిదిమంది దళితులను బలిగొన్నది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానము శిక్షలు వేసెను. 2014లో హైకోర్టు వానిని కొట్టివేసెను. ఈ రెండూళ్లును చదువురాని మన్యపు గూడెములు గావు. పంట కాల్వలును, బడులును, గ్రంథాలయములును గల కోస్తా పల్లెలు. అంబేద్కరుగారి మాట కఠినమని బాధపడినవారు ఈ రెండు తేదీలను ఆ మాట ప్రక్క నుంచి చదువుకొనవలయును.

అంబేద్కరుగారి పక్షము ఇంతటితో గెలిచినదని మేము చెప్పబోము. చుండూరువంటి యూరిలో వ్యక్తిని కాపాడవలసిన చట్టములు లేకపోలేదు. 40వ అధికరణమును చేర్చిన వారము దినములకే, 1948 నవంబరు 29వ తేదీన, అంటరానితనమును రద్దుచేయు అధికరణమును అదే సభ ఆమోదించెను. అదియే నేటి 17వది. అది ఆదేశసూత్రము గాదు, హక్కు. అత్యాచారముల నిరోధక చట్టము 1989లో వచ్చెను. 2015 సవరణచే వాడను సాంఘికముగా గాని ఆర్థికముగా గాని బహిష్కరించుట గూడ నేరమాయెను. ఇన్ని యున్నను చట్టము ఊరిపొలిమేర దాటి లోనికి వచ్చుటకు ఎవరో తలుపు తీయవలయును. ఆ తలుపు తీయువారు పంచాయతిలో, బడిలో, రేషను దుకాణమున, చెఱువుగట్టున కూర్చుండువారే. అక్కడ వాడకు చోటు లేనిచో ఢిల్లీలోని హక్కు ఢిల్లీలోనే యుండును. వ్యక్తిస్వాతంత్ర్యమునకు గ్రామాధికారము కావలసినది ఇందులకే. రెండు పక్షములవారును తమ కోరికలను ఒకదానికొకటి పోటీగా నిలిపిరి. అవి ఒకదానికొకటి కావలసినవి.

తరువాతి చరిత్ర ఈ మాటకే సాక్ష్యమిచ్చును. 1959 అక్టోబరు 11వ తేదీన షాద్‌నగరమున నెహ్రూగారు ఆంధ్రప్రదేశపు పంచాయతిరాజ్య వ్యవస్థను ప్రారంభించిరి. 1993 ఏప్రిలు 24వ తేదీనుండి అమలునకు వచ్చిన 73వ సవరణ రెండు పక్షములను కొంతవఱకు ఒకచోటికి తెచ్చెను. ఐదేండ్లకొకసారి పంచాయతి యెన్నికలు జరుగవలెననుట ప్రకాశము పంతులుగారి కోరికకు చెల్లింపు. షెడ్యూల్డు కులములకును, తెగలకును జనసంఖ్యనుబట్టి స్థానములు, స్త్రీలకు మూడవవంతునకు తక్కువగాకుండ స్థానములు కేటాయించుట అంబేద్కరుగారి భయమునకు జవాబు. మన రాష్ట్రము 2011లో స్త్రీల భాగమును సగమునకు పెంచెను. కాని పంచాయతులకు ఏ యధికారములనిచ్చుట యన్నది రాష్ట్ర శాసనసభల యిష్టమునకే విడువబడినది. 2018 ఆగష్టున గడువు ముగిసిన మన పంచాయతులకు 2021 ఫిబ్రవరివఱకు ఎన్నికలు జరుగలేదు. అంతవఱకు ప్రత్యేకాధికారులే యేలిరి. రంగాగారు భయపడిన కేంద్రీకరణము ఢిల్లీనుండి మాత్రమే వచ్చునది కాదు. రాష్ట్ర రాజధానినుండియు వచ్చును.

ఆ 2021 ఎన్నికలలో మఱియొక విచిత్రము జరిగినది. పోటీ లేక ఏకగ్రీవముగా సర్పంచిని ఎన్నుకొన్న గ్రామములకు జనసంఖ్యనుబట్టి 5 లక్షలనుండి 20 లక్షల రూపాయలవఱకు ప్రోత్సాహకముగా ఇత్తుమని ప్రభుత్వము ప్రకటించినది. ఏకగ్రీవమన్న పద్ధతి ఒక ప్రభుత్వముతో పుట్టినది కాదు. దానిని మెచ్చని పక్షమును లేదు. ఖర్చు తగ్గును, కక్షలు పెరుగవు అని చెప్పుదురు. కక్షలతో నలిగిన పల్నాటివారికి ఈ మాట తీయగా వినబడుట సహజము. కాని ఏకగ్రీవమున ఓటుపెట్టె తెఱువబడదు. ఎవరికిని చూపకుండ తన మనసులోని మాట చెప్పుకొను ఒకే యవకాశమును పేదవాడు కోలుపోవును. రచ్చబండమీద పెద్దలు కుదిర్చిన మాట ఊరి మాటయని వ్రాసికొందురు. ఊరంతయు ఔననినపుడు కాదనదలచినవాడు ఎక్కడ నున్నాడని ఎవరడుగుదురు? ఉత్తరమేరూరు కుండలోనైనను పేర్లు వ్రాసి వేసిరి. ఏకగ్రీవమున కుండయే లేదు.

ఇది చదువు గృహిణులకు ఒక మాట. స్త్రీలకు కేటాయించిన సర్పంచి స్థానమున భార్య పేరుండి, కుర్చీలో భర్త కూర్చుండుట మన యూళ్లలో క్రొత్త సంగతి కాదు. ఆమె వ్రేలిముద్రయో సంతకమో ఇంటికి వచ్చి తీసికొని పోవుదురు. ఊరు వాడను ఎట్లు చూచునో ఇల్లు ఇల్లాలిని అట్లే చూచుచున్నది. వ్యక్తి ప్రమాణమని వ్రాసిన రాజ్యాంగమునకు ఇంటి గడపయు ఊరి పొలిమేర వంటిదే. ఊరికి అధికారము కావలెనని వాదించు గృహస్థుడు తన యింట ఆ యధికారమును ఎవరికి ఇచ్చుచున్నాడో మొదట చూచుకొనవలయును. సంస్కరణము గూర్చి పత్రికలు చదువు మన యిండ్లలోనే ఇది జరుగుచుండగా పరులనని యేమి ప్రయోజనము?

తుదకు మా యభిప్రాయమిది. అధికారము పల్లెకు రావలెనన్న ప్రకాశము పంతులుగారి కోరిక న్యాయమైనది. అది నేటికిని పూర్తిగా చెల్లలేదు. వ్యక్తిని ఊరి దయకు విడువరాదన్న అంబేద్కరుగారి పట్టుదలయు న్యాయమైనది. అదియు నేటికిని పూర్తిగా నెఱవేఱలేదు. ఈ రెంటిలో నొకదానిని పొగడుటకు రెండవదానిని దూషించువారు ఉభయులకును ద్రోహము చేయుచున్నారు. పంచాయతికి నిధులు కావలెనని అడుగుడు. ఆ నిధుల లెక్క గ్రామసభలో వాడవారి యెదుట చదువవలెననియు అడుగుడు. ఎన్నికలు సకాలమున జరుగవలెననుడు; ఏకగ్రీవమునకు బహుమానములు వలదనియు అనుడు.

ఒక యూరు మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు మేము ఒకటే పరీక్ష చెప్పుదుము. ఊరి పెద్దలందఱును ఔననినపుడు వాడలోని ఒక కూలివాడో, ఒక ఒంటరి స్త్రీయో నిలిచి కాదని చెప్పి, ఆ రాత్రి తన యింట నిర్భయముగా నిద్రపోగలిగినచో ఆ యూరి చేతికి ఎంత యధికారమునైనను ఈయవచ్చును. అట్లు నిద్రపోలేనిచో, ఆ యూరికి అధికారముకంటె ముందుగా 17వ అధికరణము చేరవలయును.